మసి తుడవని వంటిల్లు

మొదటిసారి ఆ ఇంటి ముందు నిలబడ్డప్పుడు నాకు తలుపు కనబడలేదు.

ఎదురుగా మూడంతస్తుల రాతి ఇల్లు. పైన త్రికోణాలుగా లేచిన గోడ కొసలు, రెండు పక్కలా కోట బురుజుల్లాంటి మెట్ల గోపురాలు, ఎటు చూసినా చిన్న చిన్న గాజు పలకలు అతికిన కిటికీలు. మెట్లున్నాయి. మెట్లెక్కితే తలుపుండాల్సిన చోట గోడ. ఏడాది నిండని మా బాబును చంకనేసుకుని అటూ ఇటూ తిరుగుతుంటే ఎవరో పెద్దావిడ పక్కనుంచి తొంగిచూసి చెయ్యి ఊపింది. అప్పుడు అర్థమైంది, తలుపు పక్కకు తిరిగి ఉందని. ముందుకు పొడుచుకొచ్చిన గోడకు ఎదురు మొహంలో కాకుండా పక్క మొహంలో పెట్టారు.

ఎందుకలా అని తర్వాత ఆవిడే చెప్పింది. పాత ఇంగ్లీషు ఇళ్ళలో పెద్ద హాల్లోకి ఒక కొస నుంచే అడుగుపెట్టాలి. అది తరతరాల అలవాటు. ఈ ఇల్లు కట్టే నాటికి కొత్త మోజు ఒకటి వచ్చింది. బయటి నుంచి చూస్తే ఇల్లు ఎడమా కుడీ అచ్చు ఒకేలా ఉండాలి. తలుపు ఒక కొసన పెడితే అందం చెడుతుంది, నడిమిన పెడితే అలవాటు చెడుతుంది. అందుకని తలుపునే పక్కకు తిప్పేశారు. ఇల్లు దక్షిణం మొహం. మా అమ్మకు ఫోన్లో చెబితే, "దక్షిణం మొహం ఇంట్లో నాలుగు వందల ఏండ్లు ఎట్లా బతికినారే?" అంది. బతికారు. అదీ ఒకే కుటుంబం.

ఆ ఇంటి పేరు చాసిల్టన్ హౌస్. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌షైర్ అంచున, కాట్స్‌వోల్డ్స్ అనే గుట్టల సీమలో ఉంది. మా ఆయన ఉద్యోగం ఆక్స్‌ఫర్డ్‌లో. అక్కడి అద్దెలు కట్టలేక మేం చిప్పింగ్ నార్టన్ అనే చిన్న టౌనులో ఉండేవాళ్ళం. అక్కడి నుంచి చాసిల్టన్‌కు అయిదారు మైళ్ళు. 2010లో వెళ్ళి 2017లో తిరిగొచ్చేశాం. ఆ ఏడేళ్ళలో నా సొంత ఊరులాగా అనిపించిన చోటు ఏదైనా ఉందంటే అది ఆ ఇల్లే. బాబు నర్సరీకి వెళ్ళడం మొదలుపెట్టాక ఆ ఇంటిని చూసుకునే నేషనల్ ట్రస్ట్‌లో వాలంటీరుగా చేరాను. వారానికి ఒకరోజు ఒక గదిలో నిలబడి, వచ్చినవాళ్ళు అడిగినదానికి జవాబు చెప్పడమే పని.

ఇండియా నుంచి వచ్చానని తెలియగానే ఆ చుట్టుపక్కల అందరూ, "మరి సెజిన్‌కోట్ చూశావా?" అనేవాళ్ళు. అదీ దగ్గరే. ఈస్టిండియా కంపెనీలో బాగా సంపాదించుకొచ్చిన చార్లెస్ కాకరెల్ కోసం, ఆర్కిటెక్టు అయిన అతని సోదరుడు శామ్యూల్ పెపీస్ కాకరెల్ 1805 ప్రాంతంలో కట్టిన ఇల్లు. ఇంగ్లీషు రాతితో కట్టి, మొఘలుల తరహాలో పైన రాగి గుమ్మటం పెట్టారు. వెళ్ళి చూశాం. అందంగానే ఉంది. కానీ మన దేశాన్ని ఎవరో దూరం నుంచి గీసిన బొమ్మలా కనబడింది నాకు. ఎక్కడా ఇండియా ఆనవాలే లేని చాసిల్టన్‌లో మాత్రం అడుగుపెట్టగానే మా బేతంచెర్ల ఇల్లు గుర్తొచ్చింది.

మాది బేతంచెర్ల. అప్పట్లో కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. నాపరాళ్ళ ఊరు. ఊరి చుట్టూ గనులు, ఊరి నిండా పాలిష్ ఫ్యాక్టరీలు. పొద్దున లేస్తే రంపాల చప్పుడు, వాకిట్లో తెల్లటి రాతి బురద. మా నాయన పన్నెండేళ్ళప్పుడు గనిలో రాళ్ళు మోయడానికి పోయి, తర్వాత ఉలి పట్టి, చివరికి ఇద్దరు ముగ్గురితో కలిసి చిన్న పాలిష్ ఫ్యాక్టరీ పెట్టుకున్నాడు. మా అబ్బ కట్టిన మిద్దెలో పుట్టి పెరిగాం. మూరన్నర మందం రాతి గోడలు, టేకు దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద నాపరాళ్ళు పరిచి పైన చౌడు వేసిన మిద్దె. వంటింటి పైన పొగ పోవడానికి గవాచి. ఆ గవాచిలోంచి పడే ఎండ పొద్దున పొయ్యి మీద, మధ్యాహ్నానికి నీళ్ళ బాన దగ్గర ఉండేది. మా అవ్వకు గడియారం అవసరం ఉండేది కాదు.

చాసిల్టన్ గోడను మొదటిరోజు ముట్టుకున్నప్పుడు రాయి గరుకు నా వేళ్ళకు తెలిసిన గరుకు కాదు. మా నాపరాయి బూడిద రంగు, నున్నన, గట్టిది. ఇది తేనె రంగు, వేలితో రుద్దితే రవ్వంత పొడి రాలుతుంది. దగ్గరగా చూస్తే చేపగుడ్ల ముద్దలాగా సన్న సన్న గుండ్రటి గింజలు. మధ్యమధ్య ఆల్చిప్ప ముక్కలు, నత్త గుల్లల అంచులు. పదహారు పదిహేడు కోట్ల ఏళ్ళ కిందట అక్కడ వెచ్చటి, లోతులేని సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సున్నమే ఈ రాయి. ఇనుము తుప్పు కలవడం వల్ల ఆ తేనె రంగు. మా నాపరాయీ సముద్రపు సున్నమే, కానీ అది దీనికన్నా ఎన్నో రెట్లు పాతది, గుల్ల ఉన్న ప్రాణి భూమ్మీద పుట్టకముందటిది. మా ఊళ్ళో ఎన్ని వేల రాళ్ళు చూసినా ఒక్క గవ్వ కనబడకపోవడానికి కారణం నాకు ఇంగ్లండులో తెలిసింది.

ఆ ఇంటి కథ చెప్పాలి. ఆ స్థలం మొదట రాబర్ట్ కేట్స్‌బీ అనే ఆయనది. రాణి ఎలిజబెత్ మీద 1601లో జరిగిన ఎసెక్స్ తిరుగుబాటులో చేరినందుకు పెద్ద జరిమానా పడింది. అది కట్టడానికి భూమి అమ్ముకున్నాడు. తర్వాత 1605లో పార్లమెంటును మందుగుండుతో పేల్చేయాలని పన్నిన కుట్రకు నాయకుడు అతనే. ఆ భూమి కొన్నవాడు వాల్టర్ జోన్స్. వకీలు, బాగా గడించినవాడు. పాత ఇల్లు పడగొట్టించి 1607 నుంచి 1612 మధ్య ఈ ఇల్లు కట్టించాడు. మధ్యలో చిన్న ముంగిలి, దాని చుట్టూ గదులు, రెండు పక్కలా గోపురాల్లో చెక్క మెట్లు. మన పాత మండువా ఇళ్ళు చూసినవాళ్ళకు ఆ ముంగిలి వెంటనే బుర్రకెక్కుతుంది. అయితే ఇక్కడ అది ఇరుకు, చీకటి. ఎండ కోసం కాదు, లోపలి గదులకు కాస్త వెలుతురు కోసం.

1632లో ఆయన పోయాక మరుసటి ఏడు ఇంట్లో ఉన్న సామానంతా గదిగదికీ రాయించారు. ఆ జాబితా ఇప్పటికీ ఉంది. అందులోని వస్తువులు కొన్ని ఆ ఇంట్లోనే ఉన్నాయి. ఒక గదికి ఫెటిప్లేస్ రూమ్ అని పేరు. అది ఆ ఇంటి కోడలు ఆన్ పుట్టింటి పేరు. పక్కన చిన్న గదిలో గోడల నిండా, మంటలు ఎగసినట్టు అలలు అలలుగా ఉన్ని దారాలతో కుట్టిన తెరలు. నన్ను ఎక్కువగా ఆ వైపే వేసేవాళ్ళు. రంగు వెలిసిపోకుండా కిటికీ తెరలు దించే ఉంచాలి, వెలుతురు కొలిచే మీటరు యాభై లక్స్ దాటకుండా చూసుకోవాలి. బయట ఎండకాస్తున్నా లోపల సందె చీకటిలా ఉండేది. "చూడటానికి వచ్చాం, ఏమీ కనబడటం లేదు" అని కొందరు చిరాకుపడేవాళ్ళు. రెండు నిమిషాలు ఆగండి, కళ్ళు అలవాటుపడతాయి అనేదాన్ని. ఆగినవాళ్ళకు ఎరుపూ పచ్చా నీలమూ మెల్లగా పైకి తేలేవి.

పిల్లలకు మాత్రం నచ్చేది రహస్యపు గది. వాకిలి పైన ఉండే చిన్న గది అది. 1651 సెప్టెంబరు 3న వుస్టర్ దగ్గర రాజు సైన్యం ఓడిపోయింది. రాజు పక్షాన పోరాడిన ఆర్థర్ జోన్స్ పారిపోయి ఇంటికి చేరాడు. వెంటనే, రాజు మీద యుద్ధం చేస్తున్న పార్లమెంటు పక్షపు సేనాని క్రామ్‌వెల్ సైనికులు వచ్చారు. ఆర్థర్ ఆ గదిలో దాక్కుంటే సైనికులు సరిగ్గా దాని ముందున్న పడకగదిలోనే ఆ రాత్రికి మకాం పెట్టారట. ఆర్థర్ భార్య సారా వాళ్ళకు బీరులో నల్లమందు కలిపి ఇచ్చి నిద్రపుచ్చింది. అతను వాళ్ళను దాటుకుని కిందికి దిగి, వాళ్ళ గుర్రమే ఎక్కి వెళ్ళిపోయాడు. తరతరాలుగా ఆ ఇంట్లో చెప్పుకున్న కథ ఇది. ఆ ఇల్లాలు బీరు గ్లాసులు పట్టుకుని ఒక్కొక్క మెట్టూ ఎక్కిన టెన్షన్ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

రాజు పక్షం వహించినందుకు ఆ కుటుంబం బాగా చితికిపోయింది. ఆ తర్వాత వాళ్ళ చేతుల్లో పెద్దగా డబ్బు ఆడలేదు. ఆ ఇంట్లో చివరిగా ఉన్న బార్బరా క్లటన్-బ్రాక్ గారు ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళతో "యుద్ధంలో మా డబ్బంతా పోయింది" అనేవారట. రెండో ప్రపంచయుద్ధం కాదు, పదిహేడో శతాబ్దపు యుద్ధం. డబ్బు లేకపోవడం వల్లే ఆ ఇల్లు మిగిలింది. డబ్బున్న ఇళ్ళవాళ్ళు ప్రతి నూరేళ్ళకూ ఫ్యాషన్ మారినప్పుడల్లా పాతవి పీకి కొత్తవి పెట్టుకున్నారు. వీళ్ళు ఉన్నదానితోనే సర్దుకున్నారు. కుర్చీ కాలు ఊగితే కట్టుకున్నారు, తెర చిరిగితే కుట్టుకున్నారు. మేడ మీద పెద్ద గ్యాలరీ కప్పు కారి, సున్నపు పూత పెచ్చులు పెచ్చులుగా ఊడిపడితే దాదాపు నూరేళ్ళు దాన్ని అలాగే వదిలేశారు. 1904, 1905లలో గానీ బాగుచేయించలేకపోయారు. బార్బరా గారి కాలానికి ఆమె, ఆమె పిల్లులు, కారే కప్పు.

1991లో ఇల్లు చేతులు మారింది. జాతీయ వారసత్వ నిధి కొని నేషనల్ ట్రస్ట్‌కు అప్పగించింది. అక్కడ వాళ్ళు తీసుకున్న నిర్ణయం నాకెంతో ఇష్టం. మామూలుగా అయితే ఏం చేస్తారు? గోడలకు రంగులు వేస్తారు, చిరిగినవి మారుస్తారు, 1612లో ఎలా ఉండేదో అలా చేసి చూపిస్తారు. వీళ్ళు అది వద్దనుకున్నారు. కప్పు కారకుండా, గోడలు కూలకుండా, కరెంటు తీగలు కాలకుండా చేసి, మిగతాది ఎలా దొరికిందో అలాగే ఉంచాలనుకున్నారు. ఆరేళ్ళు పని చేసింది ఇందుకే. 1997లో జనానికి తలుపులు తెరిచినప్పుడు ఇల్లు బాగుచేసినట్టే కనబడలేదు. ఇప్పటికీ కనబడదు. అక్కడ కొట్టు లేదు, క్యాంటీన్ లేదు. టీ కావాలంటే పక్కనే ఉన్న చర్చిలో ఊరివాళ్ళు ఇంట్లో చేసిన కేకులు పెట్టి ఇచ్చేవాళ్ళు. ఆ డబ్బు చర్చికి.

కొందరు ఈ పద్ధతిని ఒప్పుకోరు. చెదిరిపోవడాన్ని చెదిరిపోతున్న చోటే ఆపి, అదే అందం అనడం ఏమిటి అని నా ముందే వాదించినవాళ్ళున్నారు. వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది. కానీ నా దగ్గర వేరే లెక్క ఉంది. అది తర్వాత చెబుతాను.

2013 జూన్‌లో నాయన వచ్చాడు. అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ప్రయాణం పడదని ఒక్కడే వచ్చాడు. లండన్ చూపించాం. వంతెనలన్నీ చూసి "బాగుండాయి" అన్నాడు. అంతే. మూడోరోజు చాసిల్టన్‌కు తీసుకెళ్ళాను. కారు దిగగానే ఎదురుగా పొలంలో నాలుగు కమానుల మీద నిలబడ్డ పావురాల గూడు. దాన్ని చూసినవాడు చూసినట్టే ఉండిపోయాడు. తర్వాత ఇంటి గోడ దగ్గరికి వెళ్ళి వేలి మెటికతో రెండు దెబ్బలు కొట్టి చెవి పెట్టాడు. గని పనివాళ్ళందరికీ ఉండే అలవాటు అది. మంచి రాయి గణగణమంటుంది, లోపల బీట ఉన్నది మొద్దుగా పలుకుతుంది.

"మెత్తని రాయి పాపా. కానీ కట్టినోనికి పని వచ్చు" అన్నాడు.

ఎట్లా చెబుతున్నావంటే చూపించాడు. గోడంతా వరసలు వరసలుగా పేర్చిన రాయి. మూలలకూ కిటికీలకూ మాత్రం నున్నగా చెక్కిన పెద్ద దిమ్మెలు. "యాడ అవసరమో ఆడనే చెక్కినారు. కూలి దండగ చేయలేదు" అన్నాడు. అతుకుల మధ్య వేలు పెట్టి, "సున్నమే కదా, సిమెంటు కాదు?" అని అడిగాడు. సున్నమేనన్నాను. మరమ్మతు చేసినా అక్కడ సున్నమే వాడతారు. సిమెంటు పెడితే రాయిలోని తేమ అతుకులోంచి బయటికి పోలేక రాతిలోనే ఆగుతుంది, చలికి గడ్డకట్టి రాతి మొహం పెచ్చులు ఊడుతుంది. ఇది నేను ట్రస్టువాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. నాయనకు ఎవరూ చెప్పలేదు. "గానుగ సున్నం గోడ ఊపిరి తీసుకుంటుంది, సిమెంటు గోడ ఊపిరి పట్టి సస్తుంది" అని మా అబ్బ అనేవాడట.

బయటికొచ్చాక ఊరి దారి పక్కన ఒక పాత ప్రహరీ దగ్గర ఆగాడు. ఒక రాయి మొహం పొరలు పొరలుగా, ఉల్లిపాయ పొట్టులా లేచిపోతోంది. అటూ ఇటూ ఉన్న రాళ్ళు బాగానే ఉన్నాయి. నాయన దాని అంచును బొటనవేలితో తడిమి, "దీన్ని నిలబెట్టినారు, పండబెట్టాల్సింది" అన్నాడు. భూమిలో రాయి ఎట్లా పడుకుని పుట్టిందో గోడలోనూ అట్లాగే పండుకోవాలి. పొరలు నిలువుగా పెడితే నీళ్ళు దిగుతాయి, పొర పొరా ఊడుతుంది. మరుసటి వారం ఈ సంగతి పెద్దావిడకు చెబితే ఆవిడ వెళ్ళి ఆ రాయి చూసొచ్చి, మీ నాన్నగారు ఏం చదువుకున్నారని అడిగింది. అయిదో తరగతి అన్నాను.

ఆరోజు నాయన అన్నిటికన్నా ఎక్కువసేపు చూసింది ఇంటి కప్పు. తలెత్తి మెడ నొప్పెట్టేదాకా చూశాడు. కప్పంతా రాతి పలకలే. చూరు దగ్గర పెద్ద పలకలు, పైకి పోయేకొద్దీ చిన్నవి అవుతూ అవుతూ, కొప్పు దగ్గర అరచేతంత. పెద్దవాటి బరువు గోడ మీద పడుతుంది, చిన్నవి తేలిగ్గా పైన కూర్చుంటాయి. పలకకు పైన ఒక బెజ్జం చేసి, అందులో చెక్క మేకు దిగ్గొట్టి, కింది చెక్క బద్దకు తగిలిస్తారు. 

"ఇంత సన్నగా ఎట్లా చీల్చినారు? ఈ రాయికి ఉలి పెడితే పగులుతుందే గానీ చీలదే" అన్నాడు.

అది నాకు తెలిసిన సంగతే, అందుకని సంతోషంగా చెప్పాను. ఆ చుట్టుపక్కల పలకలకు పేరున్న ఊరు స్టోన్స్‌ఫీల్డ్. అక్కడ భూమి కిందికి బావుల్లాగా తవ్వి దిమ్మెలు తీసేవాళ్ళు. పైకి తెచ్చాక ఆరనిచ్చేవాళ్ళు కాదు. ఆరితే ఆ రాయి మళ్ళీ చీలదు. మట్టి కప్పి తడిగా ఉంచి చలికాలం కోసం కాచుకునేవాళ్ళు. గడ్డకట్టే రాత్రి వస్తే చర్చి గంట కొట్టేవాళ్ళట. ఊరంతా లేచి వచ్చి, దిమ్మెల మీద మట్టి తీసి నీళ్ళు పోసేవాళ్ళు. రాతి పొరల మధ్యకు దిగిన నీళ్ళు గడ్డకట్టి ఉబ్బి పొరలను విడదీసేవి. తర్వాత సుత్తితో తడితే పలకలు విడిపోయేవి. చలి సరిగా పడని ఏడాది ఆ ఊరికి పని లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఆ గనులు మూతబడ్డాయి.

నాయన చాలాసేపు మాట్లాడలేదు. కారెక్కాక అన్నాడు, "మంచును కూడా కూలికి పెట్టుకున్నారు చూడు."

బేతంచెర్లకు తిరిగి వెళ్ళాక ఫ్యాక్టరీలో అందరికీ ఈ మాటే చెప్పాడట.

ఇంటి లోపల ఆయనతో కలిసి తిరిగింది కూడా రాయాలి. గ్రేట్ చాంబర్‌లో సున్నంతో చేసిన కప్పు, దాని నుంచి గంటల్లా వేలాడే ముద్దలు, తీగలు, పూలు చూసి పెళ్ళి పందిరిలా ఉందన్నాడు. కుర్చీల మీద పైన్ కాయలు పెట్టి ఉంటే ఎందుకని అడిగాడు. కూర్చోవద్దని చెప్పడానికి బోర్డు పెట్టకుండా అవి పెడతారంటే "మంచి మర్యాద" అని మెచ్చుకున్నాడు. పైన ఉత్తరం వైపు ఇల్లు పొడవునా సాగే గ్యాలరీ, డెబ్బై రెండు అడుగులు. పీపాను నిలువునా కోసి బోర్లించినట్టుండే కప్పు. వానలకూ చలికీ బయటికి పోలేని రోజుల్లో ఇంటివాళ్ళు అందులో అటూ ఇటూ నడిచేవాళ్ళు. నాయనా అటు చివర నుంచి ఇటు చివరికి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. పాత చెక్క నేల ఒకచోట కిర్రుమంది, ఒకచోట అనలేదు. నడుం మీద చేతులు కట్టుకుని ఎండ పడిన చోట కాసేపు నిలబడ్డాడు. ఆ ఫోటో నా దగ్గర ఉంది. వెనకనుంచి తీసింది.

చివర్లో వంటింటికి దిగాం. పెద్ద పొయ్యి గూడు, బండల నేల, పొడుగాటి బల్ల. పైకి చూస్తే కప్పు నల్లగా, తారు పూసినట్టు ఉంది. మసి. ఆ కప్పును ఎప్పుడూ తుడవలేదు. మసి తుడిస్తే ఇంటి అదృష్టం పోతుందని ఆ కుటుంబం నమ్మకం. అందుకని తరం తర్వాత తరం దాన్ని ముట్టుకోకుండా వదిలేసింది. ట్రస్టు కూడా ముట్టుకోలేదు. కొన్నిచోట్ల ఆ మసి చిక్కబడి, గోరువెచ్చటి బెల్లంపాకంలా మెరుస్తుంది.

నేను ఈ నమ్మకం సంగతి చెబుతుంటే నాయన వినడం లేదు. పైకి చూస్తూ ఉన్నాడు. కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "మీ అవ్వ వంటిల్లు" అన్నాడు. అంతకు మించి అనలేదు.

అవ్వ వంటిల్లు 2004 దాకా ఉండింది. అబ్బ పోయాక చిన్నాయనవాళ్ళు, నాయన పంచుకున్నారు. మిద్దెను రెండుగా పంచడం కుదరదని అమ్మేశారు. కొన్నవాళ్ళు బిల్డింగ్ కట్టుకున్నారు, వాళ్ళను అనాల్సింది ఏమీ లేదు. జేసీబీ పొద్దున వచ్చి మధ్యాహ్నం భోజనాల వేళకు పని ముగించుకుని పోయింది. నేను హైదరాబాదులో హాస్టల్లో ఉన్నాను. తమ్ముడు ఫోన్‌లో చెప్పిన ఒక్క సంగతి మనసులో ఉండిపోయింది. గోడలన్నీ పడ్డాక వంటింటి గోడ ఒకటి కాసేపు నిలబడిందట. ఆరుబయట ఎండలో, అన్నిటి మధ్యా నల్లగా. అవ్వ డబ్బాలు పెట్టుకునే గూడు అందులో అలాగే ఉందట. నాయన ఆరోజు ఆ వీధికే వెళ్ళలేదు. దూలాలు మాత్రం అమ్మనివ్వకుండా ఫ్యాక్టరీ షెడ్డుకు తెప్పించుకున్నాడు. నాపరాళ్ళు ఎవరు ఎత్తుకుపోయారో తెలియదు. నాపరాళ్ళ ఊళ్ళో నాపరాళ్ళను ఎవరు లెక్కపెడతారు?

నా దగ్గర వేరే లెక్క ఉందని ఇంతకుముందు అన్నది ఇదే. చాసిల్టన్‌ను అలాగే ఉంచడం తప్పని ఎవరైనా వాదిస్తే నాకు ఆ ఎండలో నిలబడ్డ నల్లగోడ గుర్తొస్తుంది, నోట మాట రాదు.

నాయన వెళ్ళిపోయాక కూడా వారం వారం ఫోన్లో ఇంటి యోగక్షేమాలు అడిగేవాడు. మా ఇంటివి కాదు, ఆ ఇంటివి. కప్పు మీద పలక ఏదైనా జారిందా? ఆ పండబెట్టని రాయి ఇంకా ఊడుతోందా? తోటలో కత్తిరించిన ఆ పొదలు దేని బొమ్మలో ఇప్పటికైనా తేలిందా? తోటలో గుండ్రంగా నాటిన ఆ పొదలు ఒకప్పుడు ఏవో ఆకారాలుగా కత్తిరించినవి. పెరిగి పెరిగి ఇప్పుడు ఏది ఏమిటో ఎవరూ చెప్పలేరు. నాయన ఒకదాన్ని గ్యారంటీగా ఎనుము అన్నాడు.

మేం ఇండియాకు వచ్చేసే ముందు, 2017 చలికాలం మొదట్లో, ఇల్లు మూసే పనికి వెళ్ళాను. ఏటా జనం రావడం ఆగిపోయాక ఇంటిని నిద్రపుచ్చుతారు. నిజంగా అలాగే అంటారు అక్కడ. మెత్తటి గుర్రపు వెంట్రుకల కుంచెతో ఒక్కొక్క వస్తువు మీది దుమ్మును మెల్లగా ఊడ్చి, పక్కనే పట్టుకున్న వాక్యూమ్ గొట్టంలోకి పోనివ్వాలి. గొట్టం మూతికి సన్న వల కడతారు, చెక్క పెచ్చో దారప్పోగో ఊడితే లోపలికి పోకుండా దొరకాలని. తర్వాత ప్రతిదానికీ తెల్ల గుడ్డ కప్పాలి. పెద్దావిడా నేనూ గ్రేట్ పార్లర్‌లో ఒక బల్ల మీద గుడ్డను రెండు వైపులా పట్టుకుని దించాం. ఆవిడకు ఎనభై దాటాయి. చేతులు వణుకుతున్నాయి, అయినా గుడ్డ అంచు నేలకు తాకకుండా సరిగ్గా జానెడు పైన ఆపింది. "వసంతంలో తీసేటప్పుడు నువ్వుండవు కదా" అంది. ఉండనన్నాను. గుడ్డ ముడతలు సరిచేస్తూ నిలబడ్డాం.

వెళ్ళే ముందు వంటింట్లోకి దిగి పైకి చూశాను. టార్చి వేయకుండానే.

ఆ రాత్రి నాయనకు ఫోన్ చేశాను. ఆరోగ్యం అప్పటికే అంతంతమాత్రం, గొంతు బాగా తగ్గింది. ఇండియా వచ్చేస్తున్నామనగానే సంతోషపడ్డాడు. మనవడి బడి సంగతి అడిగాడు. తర్వాత కొంచెం ఆగి, "ఆ వంటింటి మసి అట్లే ఉండాదా?" అన్నాడు.

"అట్లే ఉంది నాయనా."

"ఆ ఇంటికి గవాచి లేదు కదా. పొగ యాడికి పోయేది?"

"పొయ్యి మీద పెద్ద గొట్టం ఉంది, కప్పు దాటి పైకి పోతుంది."

"ఆ గొట్టం లోపల ఏ రాయి వాడినారు? ఆ మెత్తని రాయి నిప్పుకు నిలవదే. వేరే రాయి తెచ్చింటారు. చూసినావా?"

చూడలేదు. ఏడేళ్ళు ఆ ఇంట్లో తిరిగాను, ఆ పొయ్యి గూట్లోకి తల వంచి పైకి చూడాలని ఒక్కసారీ తోచలేదు. పెద్దావిడకు ఉత్తరం రాసి అడుగుతానన్నాను. "తొందరేం లేదులే" అన్నాడు నాయన.